అమైనో ఆమ్లాల తయారీని ఆపే కలుపు మందులు: తేలినవి, తేలనివి

మొక్క తనకు కావలసిన 20 అమైనో ఆమ్లాలనూ స్వయంగా తయారు చేసుకుంటుంది. నేలలోని నైట్రేటు, అమ్మోనియం, సల్ఫేటులను, గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని, వరుసగా జరిగే రసాయన చర్యలతో వాటిని నిర్మిస్తుంది. ఈ చర్యల్లో ఎక్కువ భాగం హరితరేణువుల్లోనే సాగుతాయి. మనుషులకు ఈ శక్తి కొంతవరకే ఉంది. ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ వంటి ఆవశ్యక అమైనో ఆమ్లాలు వారికి ఆహారం ద్వారానే అందాలి. వాటిని నిర్మించే ఎంజైమ్‌లు జంతువుల శరీరంలో లేకపోవడమే అందుకు కారణం.

ఆధునిక కలుపు మందుల్లో ముఖ్యమైన మూడు తరగతులు మొక్కలోని ఈ నిర్మాణ పనినే దెబ్బతీస్తాయి. గ్లైఫోసేట్ ఒక తరగతి. సల్ఫొనైల్ యూరియాలు, ఇమిడజోలినోన్లు, వాటి దారిలో పనిచేసే మరికొన్ని మందులు కలిసి రెండోది. గ్లూఫోసినేట్ మూడోది. ఒక్కో తరగతి ఒక్కో ఎంజైమ్‌ను పట్టుకుంటుంది.

ఈ మందులపై యాభై ఏళ్లుగా సాగుతున్న చర్చలో నాలుగు ప్రశ్నలున్నాయి. మందు ఏ ఎంజైమ్‌ను ఆపుతుంది? ఆ ఎంజైమ్ ఆగితే మొక్క ఎందుకు చనిపోతుంది? కలుపు దాన్ని ఎలా తట్టుకుంటుంది? మనిషికీ పర్యావరణానికీ కలిగే హాని ఎంత? ఒక్కో ప్రశ్నకు కావలసిన సాక్ష్యం ఒక్కో రకమైనది. మొదటి ప్రశ్నకు దొరికిన గట్టి సమాధానాన్ని మిగిలిన మూడింటికీ సరిపెట్టినప్పుడల్లా ఈ చర్చ చిక్కుపడింది. అందుకే వాటిని విడివిడిగా పరిశీలించాలి.

1. మూడు ఎంజైమ్‌లు, మూడు చరిత్రలు

*గ్లైఫోసేట్, షికిమేట్ మార్గం*

గ్లైఫోసేట్‌ను 1950లో స్విట్జర్లాండ్‌లోని ఒక ఔషధ సంస్థలో హెన్రీ మార్టిన్ తొలిసారి తయారు చేశారు. మందుగా అది పనికిరాకపోవడంతో మూలన పడింది. 1970లో అమెరికాలోని మోన్సాంటో సంస్థ రసాయన శాస్త్రవేత్త జాన్ ఫ్రాంజ్ దానికి కలుపును చంపే గుణం ఉందని కనుగొన్నారు. 1974లో ‘రౌండప్’ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది.

అది ఎలా పనిచేస్తుందో అప్పటికి పూర్తిగా తెలియదు. సువాసన వలయం గల అమైనో ఆమ్లాలు, అంటే ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ తయారయ్యే దారికి అది అడ్డుపడుతోందని 1972లో జావోర్స్కీ సూచించారు. 1980లో జర్మనీలో స్టైన్‌రూకెన్, అమ్రైన్ అసలు లక్ష్యాన్ని గుర్తించారు. దాని పూర్తి పేరు 5-ఇనోల్‌పైరువైల్‌షికిమేట్-3-ఫాస్ఫేట్ సింథేజ్, పొట్టి పేరు ఈపీఎస్‌పీఎస్. ఏడు మెట్ల షికిమేట్ మార్గంలో ఇది ఆరో మెట్టు. ఫాస్ఫోఇనోల్ పైరువేట్ వచ్చి కూర్చోవలసిన చోటును గ్లైఫోసేట్ ఆక్రమిస్తుంది. 2001లో బ్యాక్టీరియా ఎంజైమ్‌తో చేసిన స్ఫటిక అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది.

ఈ మార్గం నుంచి వచ్చేవి మూడు అమైనో ఆమ్లాలే కావు. కాండానికి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్, ఆకులకూ పూలకూ రంగులిచ్చే పదార్థాలు, తెగుళ్లను ఎదుర్కొనే రక్షక రసాయనాలు కూడా దీని నుంచే పుడతాయి. మొక్క స్థిరపరిచే కార్బన్‌లో ఐదో వంతుకు తగ్గకుండా ఈ దారిన ప్రవహిస్తుందని అంచనా.

*ఏఎల్‌ఎస్ అవరోధకాలు*

1970ల నడుమ డూపాంట్ సంస్థలో జార్జ్ లెవిట్ సల్ఫొనైల్ యూరియాల కలుపు నివారణ శక్తిని కనుగొన్నారు. వాటిలో మొదటిదైన క్లోర్‌సల్ఫ్యూరాన్ 1982లో గోధుమ పైరుకు అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు మందులు హెక్టారుకు కిలోల్లో పడేవి. ఇది గ్రాముల్లోనే సరిపోవడం వ్యవసాయ రసాయన రంగంలో పెద్ద మలుపు. అదే కాలంలో అమెరికన్ సైనమిడ్ సంస్థ ఇమిడజోలినోన్లను వెలికితీసింది.

రసాయన నిర్మాణంలో ఈ రెండింటికీ పోలిక లేదు. అయినా రెండూ ఒకే ఎంజైమ్‌ను ఆపుతున్నాయని 1984లో వేర్వేరు బృందాలు తేల్చాయి. బ్యాక్టీరియాపై లారోసా, ష్లాస్, పొగాకు కణాలపై చాలెఫ్, మావ్వే, ఇమిడజోలినోన్లపై షానర్ బృందం జరిపిన పరిశోధనలు ఒకే చోటికి చేరాయి. ఆ ఎంజైమ్ అసిటోలాక్టేట్ సింథేజ్ లేదా ఏఎల్‌ఎస్. వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే శాఖాయుత అమైనో ఆమ్లాల తయారీకి ఇదే ఉమ్మడి తొలి మెట్టు. తర్వాత ట్రయజోలోపిరిమిడిన్లు, పిరిమిడినైల్ బెంజోయేట్లు కూడా ఈ జాబితాలో చేరాయి.

*గ్లూఫోసినేట్, గ్లుటామిన్ సింథటేజ్*

గ్లూఫోసినేట్‌కు మూలం ప్రకృతిలోనే ఉంది. 1970ల మొదట్లో జర్మనీ, జపాన్ పరిశోధకులు నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి ఒక చిన్న పెప్టైడ్‌ను వేరుచేశారు. రెండు అలనిన్ అణువులు, ఫాస్ఫినోత్రిసిన్ అనే అసాధారణ అమైనో ఆమ్లం కలిసి ఏర్పడిన పదార్థమది. ఫాస్ఫినోత్రిసిన్‌ను కర్మాగారంలో తయారు చేసి అమ్మోనియం లవణంగా ఇస్తే అదే గ్లూఫోసినేట్ అమ్మోనియం. చూడటానికి గ్లుటమేట్‌లా ఉండే ఈ అణువు గ్లుటామిన్ సింథటేజ్‌ను పట్టి ఆపుతుంది. మొక్కలో అమ్మోనియాను సేంద్రియ రూపంలోకి చేర్చే ప్రధాన ద్వారం ఆ ఎంజైమే.

సూక్ష్మజీవులు ఇలాంటి ఆయుధాలను వాడుకోవడం అరుదు కాదు. పొగాకులో ‘వైల్డ్‌ఫైర్’ ఆకుమచ్చ తెగులును కలిగించే సూడోమొనాస్ బ్యాక్టీరియా విషం కూడా గ్లుటామిన్ సింథటేజ్‌నే దెబ్బతీస్తుంది. చిక్కుడు జాతి పైర్లకు తెగులు తెచ్చే మరో సూడోమొనాస్ విషం, ఫాసియోలోటాక్సిన్, ఆర్జినిన్ తయారీని ఆపుతుంది.

మూడు తరగతుల పోలిక ఇలా ఉంటుంది:

| అంశం | గ్లైఫోసేట్ | ఏఎల్‌ఎస్ అవరోధకాలు | గ్లూఫోసినేట్ |
|---|---|---|---|
| ఆగే ఎంజైమ్ | ఈపీఎస్‌పీఎస్ | అసిటోలాక్టేట్ సింథేజ్ | గ్లుటామిన్ సింథటేజ్ |
| ఆగే అమైనో ఆమ్లాలు | ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ | వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ | గ్లుటామిన్, దాని ద్వారా మరెన్నో |
| పేరుకునే పదార్థం | షికిమేట్ | 2-కీటోబ్యుటిరేట్ | అమ్మోనియా |
| మొక్కలో కదలిక | వేళ్ల దాకా పాకుతుంది | పెరిగే కొనలకు చేరుతుంది | తగిలిన చోటే ఎక్కువ |
| ప్రభావం కనిపించే కాలం | వారం, ఆ పైన | వారం నుంచి మూడు వారాలు | ఒకటి రెండు రోజులు |
| జంతువుల్లో ఆ ఎంజైమ్ | లేదు | ఈ మార్గం లేదు | ఉంది |

2. ఎంజైమ్ ఆగితే మొక్క ఎందుకు చనిపోతుంది?

లక్ష్యం తెలిస్తే చావుకు కారణం కూడా తెలిసినట్టేనని తొలినాళ్లలో అనిపించింది. అమైనో ఆమ్లం అందదు, ప్రోటీన్ తయారు కాదు, మొక్క ఎండిపోతుంది. ప్రయోగాలు పెరిగేకొద్దీ ఈ సరళమైన వివరణ చాలలేదు. ఇప్పుడు మూడు ప్రధాన వాదాలున్నాయి.

*లోటు వాదం.* ఎంజైమ్ ఆగితే దాని తర్వాత రావలసిన అమైనో ఆమ్లాలు కరువవుతాయి, కొత్త కణాలు పుట్టే కొనల్లో ప్రోటీన్ నిర్మాణం ఆగిపోతుంది అన్నది ఈ వాదం. దీనికి గట్టి మద్దతు ఉంది. ఏఎల్‌ఎస్ మందు తగిలిన మొక్కలకు వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ బయటి నుంచి అందిస్తే ప్రయోగశాలలో అవి కోలుకున్నాయి. అయితే గ్లైఫోసేట్ విషయంలో అమైనో ఆమ్లాలు ఇచ్చినా కొన్ని ప్రయోగాల్లో పాక్షిక ఫలితమే దక్కింది. పైగా మందు తగిలిన మొక్కల్లో పాత ప్రోటీన్లు విరిగిపోవడం వల్ల విడి అమైనో ఆమ్లాల మొత్తం తగ్గకపోగా పెరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

*పేరుకుపోయే విష వాదం.* ఆగిన మెట్టుకు ముందున్న పదార్థం గుట్టలుగా చేరి కణాన్ని దెబ్బతీస్తుందని ఈ వాదం చెబుతుంది. 1987లో బ్యాక్టీరియాలోనూ నీటి మొక్క లెమ్నాలోనూ జరిగిన పనుల ఆధారంగా ఏఎల్‌ఎస్ మందులకు 2-కీటోబ్యుటిరేట్‌ను ముద్దాయిగా నిలబెట్టారు. 1993లో షానర్, సింగ్ మొక్కజొన్నలో పరీక్షించి, అది పేరుకోవడానికీ ఎదుగుదల ఆగిపోవడానికీ పొత్తు కుదరడం లేదని చూపారు. దాంతో మొక్కల విషయంలో ఈ వివరణ బలహీనపడింది.

*ప్రవాహ భంగ వాదం.* దారి నియంత్రణే తప్పిపోవడం అసలు కారణమని మూడో వాదం. గ్లైఫోసేట్ తగిలినప్పుడు చివరి ఉత్పత్తులు తగ్గి, మార్గం మొదట ఉండే కట్టడి సడలుతుంది. కార్బన్ ఆగకుండా షికిమేట్‌లోకి పారి వృథా అవుతుంది, కిరణజన్య సంయోగక్రియకు కావలసిన మధ్యంతర పదార్థాలు తరిగిపోతాయి. ఏఎల్‌ఎస్ మందులు కూడా ఆకుల్లో తయారైన చక్కెరలు పెరిగే కొనలకు చేరకుండా అడ్డుపడతాయని, వేళ్లలో పులియబెట్టే శ్వాసక్రియ పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

గ్లూఫోసినేట్ కథలో మలుపు మరింత స్పష్టం. అమ్మోనియా విషమే చంపుతుందని దీర్ఘకాలం నమ్మారు. తర్వాత దృష్టి కాంతి శ్వాసక్రియ వైపు మళ్లింది. హరితరేణువులోని గ్లుటామిన్ సింథటేజ్ లేని బార్లీ మొక్కలు మామూలు గాలిలో ఎండిపోయి, కాంతి శ్వాసక్రియ అణగిపోయేలా కార్బన్ డయాక్సైడు బాగా ఎక్కువగా ఉన్న గాలిలో పెరిగాయి. అంటే అమ్మోనియాలో పెద్ద వాటా కాంతి శ్వాసక్రియ నుంచే వస్తోందన్నమాట. 2019లో టకానో బృందం ఇంకో అడుగు వేసింది. గ్లూఫోసినేట్ తగిలిన ఆకుల్లో వెలుతురు పడగానే చురుకైన ఆక్సిజన్ రూపాలు ఎగదన్నుతున్నాయని, పొరలు చిట్లి ఆకు గంటల్లోనే వాడిపోవడానికి అవే కారణమని, అమ్మోనియా ఎంత చేరింది అన్నదానికీ దీనికీ ప్రత్యక్ష సంబంధం లేదని ఆ బృందం చూపింది. ఎండ బాగా ఉన్నప్పుడు ఈ మందు ఎక్కువ పనిచేయడాన్ని ఈ వివరణ చక్కగా అర్థం చేయిస్తుంది.

ప్రయోగశాల బయట మరో కారణం కూడా చేరుతుంది. 1984లో జోహాల్, రాహే చిక్కుడు మొక్కలపై చేసిన ప్రయోగాల్లో, గ్లైఫోసేట్ తగిలిన మొక్కలను నేలలోని పిథియం వంటి శిలీంధ్రాలు త్వరగా పొట్టనబెట్టుకున్నాయి. సూక్ష్మజీవులు లేని మట్టిలోని మొక్కలు అంత సులువుగా చావలేదు. రక్షక రసాయనాలు షికిమేట్ మార్గం నుంచే రావడం వల్ల వాటి కొరత తెగులుకు తలుపు తీస్తుంది. దీన్నిబట్టి పొలంలో జరిగే చావుకు ఒకే ఒక్క కారణం వెతకడం సరికాదు.

3. కలుపు ఎలా తట్టుకుంటోంది?

గ్లైఫోసేట్‌కు కలుపు నిరోధక శక్తి పెంచుకోవడం దాదాపు అసాధ్యమని 1997లో మోన్సాంటో శాస్త్రవేత్తల బృందం ఒక వ్యాసంలో వాదించింది. లక్ష్య ఎంజైమ్‌లో మార్పు వస్తే దాని సొంత పని కూడా కుంటుపడుతుంది అన్నది వారి ముఖ్య తర్కం. ఆ తర్కంలో నిజం ఉంది, ముగింపు మాత్రం తప్పింది. అప్పటికే 1996లో ఆస్ట్రేలియాలో రైగ్రాస్ అనే గడ్డి గ్లైఫోసేట్‌ను తట్టుకున్న వార్త వచ్చింది. త్వరలోనే మలేషియాలో రాగికి దగ్గరి బంధువైన ఎల్యుసిన్ ఇండికా గడ్డి కూడా అదే శక్తి చూపింది.

ఏఎల్‌ఎస్ మందుల విషయంలో ఇది ఇంకా వేగంగా జరిగింది. మార్కెట్లోకి వచ్చిన ఐదేళ్లకే, 1987లో, అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో అడవి లెట్యూస్ వాటిని తట్టుకుంది. ఇప్పుడు ప్రపంచంలో 160కి మించిన కలుపు జాతుల్లో ఈ తరగతికి నిరోధక శక్తి నమోదైంది. ఏ ఇతర తరగతికీ ఇన్ని లేవు. గ్లైఫోసేట్‌కు 50కి మించిన జాతులు లొంగడం లేదు. గ్లూఫోసినేట్‌ను తట్టుకునేవి వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. ఉత్తర భారతంలో గోధుమ చేలను బాధించే ఫలారిస్ మైనర్ గడ్డి పాత మందు ఐసోప్రోట్యురాన్‌తో పాటు ఏఎల్‌ఎస్ తరగతికి చెందిన సల్ఫోసల్ఫ్యూరాన్‌కు కూడా అలవాటు పడింది.

ఈ తేడాకు సమాధానం ఎంజైమ్ నిర్మాణంలో కొంత దొరుకుతుంది. ఏఎల్‌ఎస్ మందులు ఎంజైమ్ క్రియాశీల స్థానంలో కూర్చోవు, ఆ స్థానానికి పోయే ఇరుకైన దారిలో అడ్డుపడతాయి. 2006లో అరాబిడాప్సిస్ మొక్క ఎంజైమ్‌పై వచ్చిన స్ఫటిక అధ్యయనం దీన్ని చూపింది. ఆ దారి గోడల్లో ఒక అమైనో ఆమ్లం మారినా మందు పట్టు సడలుతుంది, ఎంజైమ్ తన పని మాత్రం చేసుకుంటూనే ఉంటుంది. 197వ స్థానంలోని ప్రోలిన్, 574వ స్థానంలోని ట్రిప్టోఫాన్ మార్పులు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణలు.

గ్లైఫోసేట్ మాత్రం అసలు అధస్థ పదార్థం, అంటే ఎంజైమ్ మార్చవలసిన పదార్థం, కూర్చునే చోటే కూర్చుంటుంది. అక్కడ మార్పు వస్తే ఎంజైమ్‌కే నష్టం. అందువల్ల చాలా కలుపు జాతులు వేరే దారి పట్టాయి. పత్తి చేలలో విజృంభించే పాల్మర్ అమరాంత్ అనే తోటకూర జాతి మొక్క ఈపీఎస్‌పీఎస్ జన్యువును పదుల సంఖ్యలో నకళ్లు చేసుకుంది. 2010లో గెయిన్స్ బృందం వెల్లడించిన వివరాల ప్రకారం కొన్ని మొక్కల్లో ఆ నకళ్లు 160 దాటాయి. మందు కొన్ని ఎంజైమ్‌లను ఆపినా మిగిలినవి పని నడిపిస్తాయి. కొన్ని జాతులు మందును వేళ్లకు పోనివ్వకుండా కణ సంచుల్లో బంధించడం నేర్చాయి. కొన్నింటిలో మందును విరగ్గొట్టే ఎంజైమ్‌లు చురుకయ్యాయి. ఈ చివరి రకం శాస్త్రవేత్తలను ఎక్కువగా కలవరపెడుతోంది. అది ఇంతకుముందు వాడని మందులను కూడా తట్టుకునే వీలు కల్పించవచ్చు.

4. మందును తట్టుకునే పైర్లు

పైరు కలుపు మందును తట్టుకునే విధాలు మూడు.

మొదటిది సహజమైనది. వరి బిస్‌పైరిబాక్ సోడియంను, వేరుశనగ ఇమాజెథాపైర్‌ను త్వరగా విచ్ఛిన్నం చేసుకుంటాయి. వాటి ఏఎల్‌ఎస్‌లో మార్పేమీ ఉండదు.

రెండోది ఉత్పరివర్తనం ద్వారా మార్చిన ఎంజైమ్. ఇమిడజోలినోన్లను తట్టుకునే మొక్కజొన్న, వరి రకాలు ఇలా వచ్చాయి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 2021లో విడుదల చేసిన పూసా బాస్మతి 1979, పూసా బాస్మతి 1985 ఈ కోవలోవే. నాగినా-22 అనే పాత వంగడంలో రసాయనంతో కలిగించిన ఏఎల్‌ఎస్ మార్పును బాస్మతిలోకి సంకరణం ద్వారా తెచ్చారు. బయటి జన్యువు చేరలేదు కనుక వీటికి జన్యుమార్పిడి పంటల నిబంధనలు వర్తించలేదు.

మూడోది బయటి జన్యువును చేర్చడం. గ్లైఫోసేట్ తయారయ్యే కర్మాగారం వ్యర్థాల మధ్య బతికిన ఆగ్రోబ్యాక్టీరియం నుంచి తీసిన సీపీ4 ఈపీఎస్‌పీఎస్ జన్యువుతో 1996లో అమెరికాలో సోయా వచ్చింది. గ్లూఫోసినేట్‌ను నిర్వీర్యం చేసే ‘బార్’ జన్యువు స్ట్రెప్టోమైసిస్ నుంచే వచ్చింది. ఆ విషాన్ని తయారు చేసే జీవి తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న జన్యువది.

అనుకూల వర్గం చెప్పేది ఇది: దున్నకం తగ్గుతుంది, నేల తేమ నిలుస్తుంది, కూలీల కొరతలో రైతు నిలదొక్కుకుంటాడు, నేరుగా విత్తే వరికి ఇదే దారి. వ్యతిరేక వర్గం సమాధానం ఇది: ఒకే మందు ఏటా పడితే నిరోధక శక్తి వేగంగా వస్తుంది, పైరు గుణం సోదర కలుపుకు దాటుతుంది, కలుపు తీతపై బతికే కూలీలకు పని పోతుంది. అమెరికాలో ఇమిడజోలినోన్‌ను తట్టుకునే వరి నుంచి కలుపు వరికి ఆ గుణం పాకడం రెండో వాదనకు బలమైన సాక్ష్యం. ఉత్పరివర్తనమా, జన్యుమార్పిడా అన్న తేడా చట్టానికి ముఖ్యమే. పొలంలో కలుపు నిరోధక శక్తికి మాత్రం ఆ తేడాతో పని లేదు.

5. భద్రత: ఒకే మందు, రెండు తీర్పులు

జంతువుల్లో లేని ఎంజైమ్‌ను ఆపే మందు జంతువులకు హాని చేయదన్న మాట ఎక్కువగా వినబడుతుంది. ఇది మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానం. నాలుగో ప్రశ్నకు ఇది ఆరంభం మాత్రమే. దాని పరిమితులు మూడు.

గ్లూఫోసినేట్‌కు ఈ వాదన అసలే వర్తించదు. గ్లుటామిన్ సింథటేజ్ మనిషి మెదడులోనూ ఉంది. ఈ మందు మింగిన వారిలో మూర్ఛలు, జ్ఞాపకశక్తి లోపం, రక్తంలో అమ్మోనియా పెరుగుదల వైద్యులు నమోదు చేశారు. సంతానోత్పత్తికి హానికరమన్న వర్గీకరణ నడుమ, 2018లో ఐరోపా సమాఖ్యలో దాని అనుమతి ముగిసింది.

రెండోది, జంతువుల శరీరంలో సూక్ష్మజీవులు కూడా నివసిస్తాయి. వాటిలో చాలావాటికి షికిమేట్ మార్గం ఉంది. గ్లైఫోసేట్ తేనెటీగల పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను తగ్గించిందని 2018లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధన చూపింది. మనిషి పేగుల్లో, ఆహారం ద్వారా అందే మోతాదులో, ఏం జరుగుతుందో ఇంకా తేలలేదు.

మూడోది, రైతు వాడేది శుద్ధ రసాయనం కాదు. ఆకుకు అంటుకోవడానికి కలిపే పదార్థాలు అందులో ఉంటాయి. పాలీఎథాక్సిలేటెడ్ టాలో అమైన్ అనే అలాంటి పదార్థం జలచరాలకు గ్లైఫోసేట్ కంటే ఎక్కువ విషం. గ్లైఫోసేట్ మందుల్లో దాన్ని కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2016లో నిషేధించింది.

క్యాన్సర్ వివాదం 2015 మార్చిలో ముదిరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఏ వర్గంలో చేర్చింది. అదే ఏడాది నవంబరులో ఐరోపా ఆహార భద్రత సంస్థ అలాంటి ముప్పుకు అవకాశం తక్కువని తేల్చింది. అమెరికా పర్యావరణ సంస్థ కూడా ఆ వైపే నిలిచింది, కానీ 2022లో అక్కడి అప్పీలు కోర్టు ఆ నిర్ణయంలోని ఆరోగ్య భాగాన్ని కొట్టేసింది. 2023లో ఐరోపా సమాఖ్య మరో పదేళ్లకు అనుమతి పొడిగించింది.

ఈ తీర్పుల తేడాకు కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. క్యాన్సర్ పరిశోధన సంస్థ చూసేది ఒక పదార్థానికి హాని చేసే గుణం ఉందా అన్నది. నియంత్రణ సంస్థలు చూసేది నిజ జీవితంలో అందే మోతాదులో ముప్పు ఎంత అన్నది. మొదటిది బహిరంగంగా ప్రచురితమైన పరిశోధనలనే తీసుకుంది. రెండోవి కంపెనీలు సమర్పించిన ప్రచురితం కాని అధ్యయనాలను కూడా లెక్కించాయి. మొదటిది పూర్తి మందును కూడా పరిగణించింది, రెండోవి ప్రధానంగా అసలు రసాయనాన్ని.

మానవ అధ్యయనాలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 54 వేలకు మించి పిచికారీ చేసేవారిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో నాన్-హాడ్కిన్స్ లింఫోమా అనే క్యాన్సర్‌తో మొత్తం మీద సంబంధం కనబడలేదు. 2019లో ఝాంగ్ బృందం వివిధ అధ్యయనాల్లోని అధిక మోతాదు వర్గాలను కలిపి లెక్కించగా ముప్పు 41 శాతం ఎక్కువగా తేలింది. ఆహారంలో మిగిలే అవశేషాల గురించిన ప్రశ్న, రక్షణ దుస్తులు లేకుండా ఏళ్ల తరబడి మందు కొట్టే కూలీ గురించిన ప్రశ్న వేర్వేరు. ఈ రెండింటినీ కలిపి ఒకే జవాబు ఇవ్వడం వల్ల మేలు జరగదు.

6. తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ

ఈ మూడు తరగతుల్లో తెలుగు రైతు ఎక్కువ రకాలుగా వాడేది ఏఎల్‌ఎస్ అవరోధకాలనే. వరిలో పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్, బెన్‌సల్ఫ్యూరాన్ మిథైల్, పెనాక్సులాం, బిస్‌పైరిబాక్ సోడియం, వేరుశనగ, సోయా, అపరాల్లో ఇమాజెథాపైర్ వాడుకలో ఉన్నాయి. పది శాతం బిస్‌పైరిబాక్ ద్రావణం ఎకరానికి 100 మిల్లీలీటర్లు కొడితే అందులోని అసలు మందు 10 గ్రాములే. ఇంత తక్కువ మోతాదు వరం. గాలికి కొట్టుకుపోయిన కాస్త మందు కూడా పక్క చేలోని సున్నితమైన పైరును కుంగదీయగలగడం దాని మరో ముఖం. కొన్ని ఏఎల్‌ఎస్ మందులు నేలలో నెలల తరబడి నిలిచి తర్వాతి పైరును దెబ్బతీస్తాయి. సల్ఫొనైల్ యూరియాలు క్షార నేలల్లోనూ, ఇమిడజోలినోన్లు ఆమ్ల నేలల్లోనూ ఎక్కువ కాలం ఉంటాయి. వరుసగా వరి, ఆ తర్వాత అపరాలు వేసే చోట ఒకే ఎంజైమ్‌పై పనిచేసే మందులే రెండు పైర్లలోనూ పడుతున్నాయన్నది తగినంత చర్చకు రాని సంగతి. మందు పేరు మారినా, దాని రసాయన కుటుంబం మారినా, లక్ష్యం మారనప్పుడు కలుపుకు అది మార్పు కాదు.

బహిరంగ వివాదం మాత్రం గ్లైఫోసేట్ చుట్టూ తిరిగింది. దేశంలో అది మొదట తేయాకు తోటలకూ, పైరు లేని నేలలకూ అనుమతి పొందింది. అనుమతి లేని, గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తి విత్తనాలు ‘బీజీ-3’ పేరుతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలోకి రావడంతో పత్తి మధ్యలో కూడా గడ్డి మందు కొట్టడం మొదలైంది. 2018లో రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ పంట కాలంలో దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని శిక్షణ పొందిన తెగుళ్ల నివారణ నిర్వాహకులకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అనుమతి లేని విత్తనానికి బిల్లు ఉండదు. పైరు పోతే పరిహారం అడిగే దారి రైతుకు మిగలదు. విత్తనంపై నిఘా లేకుండా మందుపై మాత్రమే ఆంక్ష పెడితే నష్టం మోసేది ఆ రైతే.

గ్లూఫోసినేట్ ఇక్కడ ఆవాల చర్చ ద్వారా వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం రూపొందించిన డీఎంహెచ్-11 ఆవాల్లో బార్ జన్యువు ఉంది. అది సంకర విత్తనోత్పత్తికి మాత్రమే అవసరమని సమర్థకులు, పైరులో మందు వాడకానికి దారి తీస్తుందని విమర్శకులు అంటున్నారు. 2022లో పర్యావరణ విడుదలకు దక్కిన అనుమతిపై 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు.

కిడ్నీ వ్యాధుల కోణం కూడా ఇక్కడ తలెత్తుతుంది. కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి గ్లైఫోసేట్, కఠిన జలం, లోహాలు కలిసి కారణమన్న ఊహ శ్రీలంకలో 2014లో వెలువడింది. 2015లో ఆ దేశం మందును నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. శ్రీకాకుళం ఉద్దానంలోనూ అలాంటి వ్యాధే ప్రజలను పీడిస్తోంది. అక్కడ ఏ ఒక్క రసాయనాన్నీ కారణంగా నిరూపించిన పరిశోధన లేదు. ఊహను నిరూపణగా ప్రచారం చేయడం, నిరూపణ లేదని పరిశోధన ఆపడం రెండూ అక్కడి రోగులకు అన్యాయమే.

7. కొత్త లక్ష్యాల వేట

అమైనో ఆమ్లాల తయారీలో పదుల కొద్దీ ఎంజైమ్‌లు ఉన్నా వ్యాపార స్థాయిలో నెగ్గినవి మూడే. ఏఎల్‌ఎస్ తర్వాతి మెట్టు ఎంజైమ్‌ను ఆపే పదార్థాలు 1980లలోనే దొరికాయి. అవి ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకున్నా ఆ పట్టు నిదానంగా బిగుస్తుంది. ఈలోగా పేరుకునే అధస్థ పదార్థం పోటీకి దిగుతుంది. పొలంలో అవి బలహీన మందులుగా మిగిలాయి. హిస్టిడిన్ మార్గంపై పనిచేసే పదార్థాలు కూడా పరిశోధన దశ దాటలేదు. ఎంజైమ్ ఎంత అవసరమైనదైనా, దాన్ని ఆపే ప్రతి పదార్థమూ మందు కాదని ఈ వైఫల్యాలు నేర్పాయి.

ఇటీవల రెండు ఆశలు కనబడుతున్నాయి. శాఖాయుత అమైనో ఆమ్లాల దారిలోని డైహైడ్రాక్సీ ఆసిడ్ డీహైడ్రటేజ్‌ను ఆపే ఆస్పటెరిక్ ఆమ్లాన్ని 2018లో శిలీంధ్ర జన్యువుల వెతుకులాటలో కాలిఫోర్నియా పరిశోధకులు గుర్తించారు. లైసిన్ తయారీలోని తొలి ఎంజైమ్‌ను ఆపే పదార్థాలను 2021లో ఆస్ట్రేలియా బృందం ప్రకటించింది. రెండూ పొలానికి చేరడానికి ఇంకా దూరం ఉంది.

8. తేలినవి, తేలనివి

లక్ష్య ఎంజైమ్‌లు ఏవి అన్నది పూర్తిగా తేలింది. మందు అణువు ఎంజైమ్‌లో ఎక్కడ కూర్చుంటుందో, నిరోధక శక్తి ఏయే దారుల్లో వస్తుందో చాలావరకు తెలుసు. ఒకే లక్ష్యంపై పనిచేసే మందును ఏటా వాడితే నిరోధక శక్తి తప్పదన్న విషయంలో ఇప్పుడు భిన్నాభిప్రాయం లేదు. లక్ష్యాలు మార్చి మార్చి వాడటం, పైరు మార్పిడి, గుంటక, దంతి, చేతితో కలుపు తీత కలగలిపి చేయాలన్న సలహా పుట్టింది అక్కడి నుంచే.

గ్లైఫోసేట్, ఏఎల్‌ఎస్ మందుల విషయంలో మొక్క చావుకు చివరి కారణం ఏదన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కలుపు మందును విరగ్గొట్టే గుణం ఒక మందు నుంచి మరో మందుకు ఎంతవరకు అక్కరకొస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కావడం లేదు. తక్కువ మోతాదులో దీర్ఘకాలం అందే మందు మనిషిలోని సూక్ష్మజీవులపై, నేలలోని జీవరాశిపై చూపే ప్రభావానికి లెక్క కుదరలేదు. క్యాన్సర్ ముప్పుపై సంస్థల మధ్య తేడా సాక్ష్యాన్ని ఎంచుకునే పద్ధతిలోనే ఉంది కనుక, మరో నివేదిక వచ్చినంత మాత్రాన అది తీరదు. ఏ సాక్ష్యం బహిరంగంగా ఉండాలి, ఏ మోతాదును ప్రమాణంగా తీసుకోవాలి అన్న అంగీకారం ముందు రావాలి.

విధానకర్తకు దీనివల్ల కలిగే పని సులువైనది కాదు, స్పష్టమైనది మాత్రం అవును. విత్తనానికి అనుమతి ఇచ్చేటప్పుడే దానితో వచ్చే మందు వాడకాన్ని కూడా తూచాలి. మందు ఏ ఎంజైమ్‌పై పనిచేస్తుందో తెలిపే లక్ష్య తరగతి సంఖ్య డబ్బాపై రైతుకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఇమిడజోలినోన్‌ను తట్టుకునే వరి పరుచుకునే చోట ఊద, కలుపు వరి ఏ మందుకు లొంగుతున్నాయో ఏటా పరీక్షించాలి. పిచికారీ చేసే కూలీల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి నమోదు చేసే అధ్యయనం ఇక్కడి పొలాల్లోనే జరగాలి.